మందు మీద మందు

తెలుగులో మందు అన్న మాట మోసినన్ని అర్థాలు మరో మాట మోయదేమో. డాక్టరు చీటీ మీద రాసిచ్చేది మందు. పొద్దుగూకాక కొందరు గ్లాసులో పోసుకునేది మందు. పత్తికి కొట్టేది, తుపాకిలో కూరేది, కొడుక్కి కోడలు పెట్టిందని అత్త వాడంతా చెప్పుకునేది, అన్నీ మందులే. ఆపరేషన్ బల్ల మీద ఇచ్చేది మత్తుమందు, పోలీసులు బస్టాండులో పట్టుకున్నదీ మత్తుమందే. మంచిదా చెడ్డదా అన్న తీర్పు ఆ మాట చెప్పదు. ఎవరు, ఎందుకు, ఎంత అన్నవి వాడేవాళ్లకే వదిలేస్తుంది.

మొక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే భాష ముందే తీర్పు చెప్పి కూర్చుంది. తులసివనంలో గంజాయి మొక్క అన్నామంటే ఇక ఆ మనిషి గురించి వేరే చెప్పనక్కర్లేదు. చిన్నప్పటి నుంచీ ఈ సామెత వింటూ పెరిగిన మనిషి, మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన గంజాయి నూనె రోజూ రెండు చుక్కలు నాలుక కింద వేసుకుంటున్నానని దవాఖానాలో నోరు విప్పి చెప్పగలడా? చెప్పకపోతే అది ఎవరి తప్పు?

ఈ మాట వికారాబాద్ జిల్లా దౌల్తాబాద్ మండలం నుంచి మొదలుపెడదాం. ఆ మండలం 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. తాండూరు వైపు నాపరాళ్ల గనులు, చుట్టూ కంది చేలు. కర్ణాటక సరిహద్దు దూరం కాదు కాబట్టి ఈ ప్రాంతపు సంతల్లో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ మూడూ వినిపిస్తాయి. మొక్కులకు కూడా సరిహద్దు లేదు. తాండూరు భావిగి భద్రేశ్వరుడి జాతరకు అటు జనం ఎలా వస్తారో, అటువైపు జాతరలకు ఇటు జనం అలాగే పోతారు.

ఆ అటువైపే, యాద్గిర్ జిల్లాలో, కృష్ణ ఒడ్డున తింథిణి అనే ఊరుంది. 1956 దాకా అదీ పాత హైదరాబాద్ రాష్ట్రపు ఊరే. అక్కడి మౌనేశ్వరుడిని హిందువులూ కొలుస్తారు, ముస్లిములూ కొలుస్తారు. ఏటా జనవరిలో జరిగే జాతరలో భక్తులకు చిన్న పొట్లంలో గంజాయి ప్రసాదంగా అందుతుందని 2020లో పత్రికలు రాశాయి. బెంగళూరులో సినిమావాళ్ల డ్రగ్స్ కేసు నడుస్తున్న రోజులవి. ఉత్తర కర్ణాటకలోని శరణ, ఆరూఢ, అవధూత సంప్రదాయాల్లో కొందరు గంజాయిని జ్ఞానానికి మెట్టుగా చూస్తారు. వాళ్ల లెక్కలో అది వ్యసనం కాదు, మనసును నిలిపే సాధనం.

అలాంటి జాతర నుంచి తిరిగొచ్చే ఒక పెద్దాయనను ఊహించుకుందాం. లాల్చీ ఒక జేబులో ప్రసాదం పొట్లం, ఇంకో జేబులో బీపీ గోలీల షీటు. మొదటిది దేవుడిచ్చింది, రెండోది డాక్టరిచ్చింది. ఇద్దరి మీదా ఆయనకు నమ్మకమే. రెండూ ఒకే కడుపులోకి పోతాయి.

ప్రసాదంగా వచ్చింది ఒంట్లో వేరేగా పనిచేస్తుందా? పైకి అమాయకంగా కనిపించే ఈ ప్రశ్నను మతాలేవీ తేలిగ్గా తీసుకోలేదు. తీసుకున్నది మనమే. ఒక వర్గం 'శివుడికి ఇష్టమైంది, ఏం కాదు' అంటుంది. ఇంకో వర్గం 'చెట్టు నుంచి వచ్చింది కదా, ఏం కాదు' అంటుంది. ఈ రెండోది ఈ మధ్య పుట్టిన మతం. గుడి బదులు ఇంటర్నెట్టు, తీర్థం బదులు డ్రాపరు సీసా. రెండు మాటల్లోనూ వినిపించేది 'ఏం కాదు' అన్న ధీమాయే.

పాత గ్రంథాలు ఈ ధీమా ఇవ్వలేదు. అథర్వవేదం పదకొండో కాండలో కొన్ని ఓషధుల మధ్య భంగ పేరు వస్తుంది, కానీ అక్కడ అడిగేది కష్టం నుంచి విముక్తి, మత్తు కాదు. ఆ భంగ ఈనాటి గంజాయేనా అన్నదాని మీద పండితుల వాదులాట తెగలేదు. వైద్యగ్రంథాల దగ్గరికి వస్తే శార్ఙ్గధర సంహిత భంగును నల్లమందు సరసన పెట్టి, జీర్ణం కాకముందే ఒళ్లంతా పాకే ద్రవ్యాల్లో లెక్కగట్టింది. అంటే దాని వేగం తెలుసు, దానికి భయపడటమూ తెలుసు.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది బౌద్ధుల వినయపిటకంలోని సంగతి. పిలిందవచ్ఛుడనే భిక్షువుకు వాతరోగం వస్తుంది. నూనె కాచి తాగించమంటారు వైద్యులు, అందులో మద్యం కలపాలి. భిక్షువులు మద్యం ముట్టకూడదన్నది ఐదు శీలాల్లో ఒకటి. అయినా బుద్ధుడు అనుమతిస్తాడు. ఆ వెంటనే కొందరు భిక్షువులు ఆ నూనెలో మద్యం దండిగా కలుపుకుని తాగి తూలిపోతారు. కథ ఎప్పుడూ ఇక్కడే అడ్డం తిరుగుతుంది! అప్పుడు బుద్ధుడు నియమం బిగిస్తాడు. మద్యం రంగు గానీ వాసన గానీ రుచి గానీ తెలియనంత తక్కువ ఉంటేనే ఆ నూనె తాగవచ్చు. అప్పటికే ఎక్కువ కలిపేసిన నూనె ఉంటే దాన్ని పారబోయనక్కర్లేదు, ఒంటికి మర్దనా చేసుకోవచ్చు. అదే అధ్యాయంలో అదే రోగికి 'భంగోదకం'తో కాపడం పెట్టమన్న అనుమతీ ఉంది. గంజాయి ఆకు కాచిన నీళ్లని కొందరు అనువదించారు, రకరకాల ఆకులు తుంచి కాచిన నీళ్లని పాత వ్యాఖ్యానం చెబుతుంది. ఏదైనా కానీ, మత్తు కలిసిన నూనెకు మోతాదు నియమం, మోతాదు మించితే పైపూత నియమం ఒక మతగ్రంథంలోనే దొరుకుతున్నాయి. ఈనాటి మందుల శాఖ అధికారి రాసినా ఇంతకన్నా సూటిగా రాయలేడు.

ఇస్లాంలో మత్తెక్కించేది ఏదైనా నిషిద్ధమే. పద్నాలుగో శతాబ్దంలో ఇబ్న్ తైమియా హషీష్‌ను గట్టిగా ఖండించాడు. అయితే ఆ న్యాయశాస్త్రంలోనే ప్రాణాపాయపు అవసరం వస్తే నిషిద్ధమైనదీ చెల్లుతుందనే సూత్రం ఉంది. ఉస్మానియా తుర్కులు పందొమ్మిదో శతాబ్దంలో కూర్చిన 'మజల్లా' అనే న్యాయసంహితలో ఆ సూత్రం 21వది. దాని వెనకే వచ్చే 22వ సూత్రం ఆ సడలింపును అవసరం ఎంతో అంతకే కట్టేస్తుంది.

ఈ రెండు సూత్రాలనూ ఒకే కథలో చెప్పింది ఛాందోగ్యోపనిషత్తు. కురుదేశంలో పంటలు పాడైపోయి కరువొస్తుంది. ఉషస్తి చాక్రాయణుడు భార్యతో ఏనుగులవాళ్ల ఊరు చేరతాడు. అక్కడొకడు గుగ్గిళ్లు తింటుంటాడు, ఇవి తప్ప నా దగ్గర ఏమీ లేవంటాడు. ఆ ఎంగిలి గుగ్గిళ్లే ఇమ్మని అడిగి తింటాడు ఉషస్తి. నీళ్లు కూడా తాగమంటే మాత్రం వద్దంటాడు, అవి ఎంగిలివి కదా అని. మరి గుగ్గిళ్లు ఎంగిలివి కాదా అని ఏనుగులవాడి సందేహం. అవి తినకపోతే బతికేవాణ్ని కాదు, నీళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అంటాడు ఉషస్తి. ఆపద్ధర్మం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోవాలో ఆ ఒక్క జవాబులో తేలిపోయింది.

క్యాన్సర్ నొప్పితో నిద్రలేని మనిషి, ఏ మందుకూ లొంగని మూర్ఛతో రోజుకు పదిసార్లు పడిపోయే పిల్లవాడి తల్లి, వీళ్లది గుగ్గిళ్ల పరిస్థితి. వాళ్లకు గంజాయి మొక్క నుంచి వచ్చిన మందు అధర్మం కాదని ఏ మతం వెలుగులో చూసినా చెప్పవచ్చు. నిద్ర కాస్త పలచగా ఉందని, పక్కింటాయన వాడుతున్నాడని తెప్పించుకునే సీసా మాత్రం ఎంగిలి నీళ్లే.

అయితే ఈ మూడు మతాల నియమాలకూ అందని చోటు ఒకటుంది. పిలిందవచ్ఛుడు తాగింది ఒకే మందు. ఉషస్తి ఆకలితో ఉన్నాడు, ఐదు రకాల గోలీలు మింగి లేడు. పాత ధర్మం అడిగిన ప్రశ్న 'ఎందుకు, ఎంత' అని. ఈనాటి ఒంటిని అడగాల్సింది 'దేనితో' అని. ఇప్పుడు అరవై దాటినవాళ్ల ఇళ్లలో టీవీ పక్కన మందుల డబ్బా ఉంటుంది. బీపీకి ఒకటి, షుగర్‌కు రెండు, గుండెకు ఒకటి, నిద్రకు ఒకటి. వాటి మీదికి కొత్తది వచ్చి పడుతుంది.

లోపల జరిగేది ఇది. మింగిన మందుల్లో చాలా భాగాన్ని కాలేయం కొన్ని ఎంజైములతో విడగొట్టి బయటికి పంపుతుంది. గంజాయిలో మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ, మత్తు ఎక్కించనిది సీబీడీ. సీబీడీ ఆ ఎంజైముల్లో కొన్నిటికి అడ్డం పడుతుంది. టోల్‌గేటులో రెండు దారులు మూసేస్తే బండ్లు నిలిచిపోయినట్టు, వెళ్లిపోవాల్సిన మందు రక్తంలోనే పేరుకుంటుంది. రోగి వేసుకున్నది ఒక్క గోలీయే, ఒంట్లో మాత్రం రెండో మూడో వేసుకున్నంత ఉంటుంది. పంపర పనసకు చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్ రసం తాగొద్దని కొన్ని మందుల మీద రాసి ఉంటుంది కదా, దానిదీ ఇలాంటి అడ్డమే. పండుకు పాపపుణ్యాలు లేవు. కాలేయానికీ తులసివనం, గంజాయివనం అన్న తేడా తెలియదు.

ఇది ఊహ కాదు. అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో ఎపిడియోలెక్స్ అనే మందును అనుమతించింది. అది శుద్ధి చేసిన సీబీడీ ద్రావణం, మొదట అనుమతి ఇచ్చింది పిల్లల్లో వచ్చే రెండు మొండి మూర్ఛరోగాలకు. ఆ మందు మీద జరిగిన పరీక్షల్లో రెండు సంగతులు బయటపడ్డాయి. మన దగ్గరా ఫిట్స్‌కు విరివిగా రాసే క్లోబజామ్‌తో కలిస్తే, ఆ మందు నుంచి ఒంట్లో తయారయ్యే చురుకైన పదార్థం రక్తంలో దాదాపు మూడింతలవుతుంది. పిల్లలు తూగుతూ పడి ఉంటారు. వాల్‌ప్రొయేట్‌తో కలిస్తే కాలేయం దెబ్బతింటున్న గుర్తులు రక్తపరీక్షలో ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే మందు మొదలుపెట్టే ముందు, తర్వాత ఒకటి, మూడు, ఆరు నెలలకు కాలేయ పరీక్షలు చేయించాలని ఆ మందు కాగితంలోనే ఉంది. మోతాదు మిల్లీగ్రాములతో సహా తెలిసిన శుద్ధమైన మందుకే ఇంత కాపలా.

రక్తం పలచన చేసే వార్ఫరిన్‌ది ఇంకా సన్నటి దారి. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లలో చాలామందికి ఇది జీవితకాలపు గోలీ. ఎక్కువైతే లోపల రక్తస్రావం, తక్కువైతే గడ్డలు. 2018లో వైద్య పత్రికలో వచ్చిన ఒక రోగి వివరం ప్రకారం, సీబీడీ మొదలుపెట్టాక, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష అంకెలు పెరుగుతూ పోయాయి, చివరికి వార్ఫరిన్‌ను దాదాపు ముప్ఫై శాతం తగ్గించాల్సి వచ్చింది. ఆ డాక్టర్లకు సీబీడీ సంగతి తెలుసు కాబట్టి రక్తస్రావం కాకముందే పట్టుకున్నారు. 2019లో ఇంకో రోగి విషయంలో టాక్రోలిమస్, అంటే అవయవం మార్పించుకున్నవాళ్లు వేసుకునే మందు, సీబీడీ వల్ల రక్తంలో సుమారు మూడింతలకు పోయింది. స్టెంట్ వేశాక ఇచ్చే క్లొపిడోగ్రెల్‌ది తిరగేసిన కథ. అది పనిచేయాలంటే కాలేయమే దాన్ని మేల్కొలపాలి. ఆ దారి మూసుకుపోతే గోలీ మింగినా పూర్తిగా పనిచేయకపోయే భయం ఉంది.

మత్తు మీద మత్తు సంగతి వేరే చెప్పాలా? నిద్రగోలీ, ఆందోళనకు వేసుకునే అల్ప్రజోలం, నొప్పికి ట్రమడాల్, వీటిలో దేనితో టీహెచ్‌సీ కలిసినా మగత ఇంకా పెరుగుతుంది. టీహెచ్‌సీ గుండె వేగం పెంచుతుంది, లేచి నిలబడినప్పుడు బీపీ పడేస్తుంది. బీపీ గోలీ వేసుకున్న పెద్దాయన తెల్లవారుజామున బాత్రూముకు లేచి, తల తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఇంటివాళ్లు నేల తడిగా ఉందనుకుంటారు.

నోటితో తీసుకునేదానిలో ఇంకో చిక్కుంది. పొగ పీలిస్తే నిమిషాల్లో తెలుస్తుంది. నూనె, భంగు, లడ్డూ కడుపులోకి పోతే అరగంట నుంచి రెండు గంటల దాకా ఏమీ తెలియదు. పనిచేయలేదనుకుని ఇంకో రెండు చుక్కలు వేసుకుంటారు. తర్వాత రెండూ కలిసి వస్తాయి. శివరాత్రి నాడు భంగు తాగి దవాఖానా చేరేవాళ్లలో కొందరిది ఈ తొందరే కావచ్చు. నెయ్యి, నూనె దండిగా ఉన్న భోజనంతో వేసుకుంటే సీబీడీ నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది. పరగడుపున ఒకరోజు, పండగ భోజనం మీద ఒకరోజు వేసుకుంటే రెండు రోజుల మోతాదు ఒకటి కాదు, చుక్కలు సమానంగా లెక్కపెట్టినా సరే.

ఇక సీసాలో ఏముందన్న ప్రశ్న. గంజాయి నూనె అనే పేరుతో మూడు వేర్వేరు సరుకులు తిరుగుతున్నాయి. గింజల నుంచి తీసినది ఒకటి, హెంప్ సీడ్ ఆయిల్, ఆహారంగా 2021లో మన ఆహార భద్రతా సంస్థ అనుమతించింది, మత్తు పదార్థం అందులో నామమాత్రమే ఉండాలి. ఆకు నుంచి తీసి, ఆయుర్వేద లైసెన్సు మీద విజయ పేరుతో అమ్మేది రెండోది. మూడోది హాష్ ఆయిల్, జిగట సారం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దాన్ని చరస్ కిందే లెక్కగడుతుంది. ఆ చట్టంలో పూత లేని ఆకు, గింజ గంజాయి కిందికి రావు, భంగు బతికింది ఆ సందులోనే. పూతకు మాత్రం గుడిలో ఇచ్చినా, జాతరలో ఇచ్చినా మినహాయింపు లేదు. కిలో దాటని గంజాయికి కూడా ఏడాది దాకా జైలు, ఇరవై కిలోలు దాటితే పది నుంచి ఇరవై ఏళ్లు. మొదటి రెండు సరుకుల మధ్య తేడా తెలియని మనిషి మూడోదాన్ని మందనుకుని ఇంట్లో పెట్టుకునే ప్రమాదం చిన్నది కాదు. లేబుల్ చూస్తే సరిపోతుందా అంటే, 2017లో అమెరికన్ వైద్య పత్రిక జామా ప్రచురించిన పరిశీలనలో ఆన్‌లైన్లో కొన్న 84 సీబీడీ సరుకుల్లో లేబుల్ మీద రాసినంత సీబీడీ ఉన్నవి 26 మాత్రమే. 18 సీసాల్లో టీహెచ్‌సీ కూడా తేలింది.

తెలియని మోతాదు ఏం చేస్తుందో వికారాబాద్ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కల్లులో అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం ఈ ప్రాంతంలో పాత జబ్బు. తాగేవాడు తాను కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు, నిజానికి ఏళ్ల తరబడి డాక్టరు రాయని నిద్రమందు మింగుతుంటాడు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరుకు హఠాత్తుగా ఆగిపోయేసరికి, పాలమూరు (మహబూబ్‌నగర్), నిజామాబాద్ జిల్లాల దవాఖానాలు వణుకుతూ, పిచ్చిగా కేకలు వేస్తూ వచ్చినవాళ్లతో నిండిపోయాయి. దౌల్తాబాద్ అప్పుడు పాలమూరు జిల్లాలోనే ఉంది. 2021 జనవరిలో వికారాబాద్, నవాబ్‌పేట మండలాల్లో కల్లు తాగి వందమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. రోజూ కల్లు తాగే మనిషి 'ఏ గోలీలూ వేసుకోవడం లేదు' అని డాక్టరుకు చెబితే అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అతని ఒంట్లో ఉన్న మందు పేరు అతనికే తెలియదు. దాని మీద గంజాయి నూనె పడితే ఏమవుతుందో ఏ పుస్తకంలో వెతకాలి?

ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు ఇక్కడ పనికొస్తాడు. చికిత్సకు నాలుగు పాదాలన్నాడు. వైద్యుడు, మందు, సేవ చేసేవాడు, రోగి. ఒక్కొక్కరికీ నాలుగేసి గుణాలు చెప్పాడు. రోగికి చెప్పినవి జ్ఞాపకశక్తి, చెప్పినట్టు నడుచుకోవడం, భయం లేకపోవడం, తన బాధ తెలియజెప్పగలగడం. సహనం అనలేదు, భక్తి అనలేదు. భయం లేకపోవడాన్నీ చెప్పుకోగలగడాన్నీ పక్కపక్కన పెట్టాడు. రెండూ ఒకటేనని ఆయనకు తెలిసే ఉండాలి. బాగా వాడితే విషమూ మందవుతుంది, తప్పుగా వాడితే మందూ విషమవుతుందన్న చరకుడి మాటను ఆయుర్వేద దుకాణాలు గోడల మీద రాసుకుంటాయి. రోగి గుణాల జాబితాను మాత్రం ఏ గోడ మీదా రాసినట్టు లేదు.

ఎందుకు చెప్పరు? భక్తుడు చెప్పడు, ఎందుకంటే అది అతని దృష్టిలో మందు కాదు, ప్రసాదం. మందులేం వాడుతున్నావని అడిగితే తీర్థం గురించి ఎవరు చెబుతారు? ముస్లిం రోగి చెప్పడు, హరాం కాబట్టి. కుర్రవాడు చెప్పడు, పోలీసులంటే భయం. అమ్మమ్మ చెప్పదు, మనవడు ప్రేమగా ఆన్‌లైన్లో తెప్పించాడు, వాడికేమైనా అవుతుందేమోనని. పాపం, పుణ్యం, చట్టం, ప్రేమ ఒక్కటై ఆ ఒక్క మాటనూ గొంతులోనే ఆపేస్తాయి. దవాఖానాలో అడిగేవాళ్ల తీరూ దీనికి తోడు. నలుగురి ముందు 'గంజాయి కొడతవా?' అని గద్దిస్తే ఎవడు ఔనంటాడు? 'గోలీలు కాక ఇంకేమన్నా నూనె, పసరు, లేహ్యం, కల్లు, ప్రసాదం తీసుకుంటున్నవా పెద్దాయనా?' అని నెమ్మదిగా అడిగితే సగం రోగాలు అక్కడే దొరుకుతాయి.

చట్టం కూడా అనుకున్నంత కర్కశం కాదు. రోగి చెప్పిన రహస్యాన్ని కోర్టు అడిగితేనో, ఇంకొకరికి తీవ్రమైన ప్రమాదం ఉంటేనో, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటురోగమైతేనో తప్ప డాక్టరు బయటపెట్టకూడదని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నాయి. తక్కువ మొత్తంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వస్తే అతని మీద కేసు నడపకుండా వదిలే వీలు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్‌లోనే ఉంది. మానాలనుకునేవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు 14446 నంబరు ఉంది.

ఆపరేషన్ ఉన్నవాళ్లకైతే ఈ చెప్పడం మర్యాద కోసం కాదు, ప్రాణం కోసం. గంజాయి అలవాటున్న ఒంటికి మత్తుమందు మామూలు కన్నా ఎక్కువ పట్టవచ్చు, గుండె తీరు మారవచ్చు. మత్తు ఇచ్చే ముందు ప్రతి రోగినీ గంజాయి గురించి అడగాలని 2023 జనవరిలో అమెరికా రీజనల్ ఎనస్థీషియా సంఘం మార్గదర్శకాలు తెచ్చింది. అనుమానం ఉన్నవాళ్లను కాదు, ప్రతి ఒక్కరినీ. అందరినీ అడిగితే ఎవరికీ అవమానం ఉండదన్న చిన్న ధర్మసూక్ష్మం ఆ 'ప్రతి' అన్న మాటలో ఉంది.

కాబట్టి సీసా ఇంట్లో ఉన్నవాళ్లు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. దవాఖానాకు పోయేటప్పుడు గోలీల షీట్లతో పాటు ఆ సీసానూ సంచిలో వేసుకుపోవాలి, పేరు నోటితో చెప్పడం కష్టమైతే బల్ల మీద పెడితే చాలు. ఫిట్స్‌కు, గుండెకు, రక్తం పలచనకు, అవయవ మార్పిడికి, మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలే పెట్టకూడదు. గర్భిణులు అసలు ముట్టకూడదు. నూనె మొదలుపెట్టామని డాక్టరిచ్చిన గోలీ ఆపడం అన్నిటికన్నా చెడ్డ పని. ఫిట్స్ గోలీ, నిద్రగోలీ హఠాత్తుగా ఆపితే మూర్ఛ రావచ్చు. నూనె ఆపేటప్పుడూ చెప్పాలి, ఎందుకంటే దాని లెక్కన తగ్గించిన మందులు అప్పుడు సరిపోవు. మలం నల్లగా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, కళ్లు పచ్చబడినా, లేపినా లేవనంత మగత ఉన్నా రేపటి దాకా ఆగవద్దు.

ఆకు నుంచి తీసిన విజయ మందుల సీసా మీద హెచ్చరిక లేదనలేం. భారత ఔషధ నియమాల్లో విషద్రవ్యాల జాబితా ఒకటుంది, షెడ్యూల్ ఇ(1) అంటారు. ఉమ్మెత్త, నాభి, నల్లమందుల వరసలో గింజలు తప్ప మిగిలిన భంగు మొక్క కూడా అందులో ఉంది. వాటితో చేసిన లోపలికి తీసుకునే మందు మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న జాగ్రత్త వాక్యం కొట్టొచ్చినట్టు ముద్రించాలని 161వ నియమం. దాన్ని రెండు భాషల్లో ముద్రించమంటుంది ఆ నియమం. ఒకటి ఇంగ్లీషు, రెండోది హిందీ.